రాజమండ్రి నుంచి కోటిపల్లి రేవు దాకా: కాలవ దారిలో ఒక్కరోజు కారు ప్రయాణం

నమస్కారం అండీ. స్నేహితులంతా కలిసి ఒక కారులో పాత గుళ్ళు, ఆనకట్ట చూసి రావాలంటే గోదావరి డెల్టాలో రూటు ఎలా వేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం.

ముందు ఫోన్లో మ్యాప్ తెరవండి. రాజమండ్రి నుంచి ద్రాక్షారామం అని మాత్రమే కొడితే అది తనకి తోచిన దగ్గర దారి చూపిస్తుంది. మనకి కావలసింది కాలవ పక్కన దారి. అందుకని ధవళేశ్వరం, కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు వరసగా స్టాపులుగా పెట్టండి. తరవాత రాయవరం, రామచంద్రపురం, ద్రాక్షారామం, చివర కోటిపల్లి. సేవ్ చేసి, కారులో ఉన్న అందరికీ పంపేయండి.

తెల్లారేసరికి ధవళేశ్వరంలో ఉండాలి. కాటన్ దొర 1847లో ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో ముగించాడు. అంతకు ముందు ఈ నేల ఒక ఏడు వరదకీ, ఒక ఏడు కరువుకీ బలయ్యేది. ఇప్పుడు కనిపించే బ్యారేజీ 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా లంకల మీదుగా సాగుతుంది. ఇక్కడ మళ్ళిన నీళ్ళే రోజంతా మన పక్కన కాలవల్లో పారుతుంటాయి. అందుకే మొదట ఇక్కడికే రావాలంటాను.

కడియం దాటేటప్పుడు నర్సరీల దగ్గర కారు ఆపమంటారు, ఆపకండి. అక్కడ దిగితే పూట గడిచిపోతుంది.

బిక్కవోలులో గోలింగేశ్వరుడి గుడి చూసేసి వెనక్కి తిరిగేస్తారు చాలామంది. ఊరి బయట చేలల్లో కంసర గుడి, నక్కల గుడి ఉన్నాయి, అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. ఇవి తూర్పు చాళుక్యుల కాలం నాటివి, వెయ్యేళ్ళ పైబడినవి. జనం సందడి ఉండదు కాబట్టి చుట్టూ తిరిగి గోడలూ, శిఖరం తీరిగ్గా చూడొచ్చు. గట్ల మీద నడవాలి, చేలో అడుగు పెట్టకండి.

ఇక ద్రాక్షారామం. సగం రోజు దీనికే ఉంచండి. మధ్యాహ్నం గుడి మూస్తారు, కాబట్టి ఆ వేళకి రామచంద్రపురంలో భోజనం ముగించుకుని, తెరిచే సమయానికి చేరుకోండి. చాళుక్య భీముడు కట్టించాడని చెప్పే పంచారామాల్లో ఇదొకటి. గర్భగుడి రెండు అంతస్తులు, స్వామిని మెట్లెక్కి పైనుంచి దర్శించుకోవాలి.

దర్శనం అవగానే వెళ్ళిపోకండి, దయచేసి. స్తంభాల దగ్గర నిలబడండి. ఇక్కడ వందల శాసనాలున్నాయి. రాజరాజ నరేంద్రుడి కొడుకే కులోత్తుంగ చోళుడై రాజ్యమేలిన కాలానివి కూడా వాటిలో ఉన్నాయి. అఖండ దీపం వెలగడానికి నెయ్యి కావాలి కదా, అందుకోసం ఆవుల్నీ గొర్రెల్నీ ఇచ్చామని చెక్కించుకున్నవాళ్ళు ఎంతోమంది. వెలుగు పక్కనుంచి పడే చోట చూస్తే గీతలు తేటగా కనిపిస్తాయి, తెలుగు చదివేవాళ్ళు కొన్ని అక్షరాలు పోల్చుకోగలరు. అక్షరాల్లో సున్నం, పసుపు పూయకండి. ఆ రాయి అరిగిపోతే ఆ మనుషుల మాట మళ్ళీ దొరకదు.

డ్రైవింగ్ సంగతి ఒకటుంది. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. అది రైతు ఏడాది కష్టం, దాని మీదుగా చక్రం పోనివ్వకండి. కాలవ గట్టు మీద చాలాచోట్ల రెయిలింగు ఉండదు, అందుకని చీకటి పడ్డాక ఆ దారి పట్టకండి. వెనక్కి పెద్ద రోడ్డు మీదుగానే రండి.

సాయంత్రం కోటిపల్లి రేవు. అవతల ముక్తేశ్వరం, దాటించడానికి పంటు ఉంటుంది. గోదావరి పోటు మీద ఉంటే పంటు ఆపేస్తారు. అందుకే ద్రాక్షారామంలోనే ఎవరినైనా అడిగి, ఈరోజు నడుస్తోందా, ఆఖరి పంటు ఎన్నింటికి అని కనుక్కోండి. లేదంటే కోనసీమ వైపు వెళ్ళేవాళ్ళు యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటాలి.