నాట్లయ్యాక వంతు మార్చకూడదు
(ఊరి గ్రంథాలయం వార్షికోత్సవంలో ఒక రిటైర్డ్ డ్రిల్లు మాష్టారి ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకి, సర్పంచి గారికి, గ్రంథాలయం కార్యదర్శి గారికి, మా హైస్కూలు హెడ్మాస్టరు గారికి, దాళ్వా ధాన్యం అమ్ముకునే హడావిడిలో కూడా తీరిక చేసుకుని వచ్చిన రైతు సోదరులకి, ఇంత ఉక్కలోనూ ఓపిగ్గా కూర్చున్న ఆడపడుచులకి, నా దగ్గర డ్రిల్లు నేర్చుకుని ఇవాళ పిల్లల తండ్రులైనవాళ్లకి, ఆ పిల్లలకి, పొద్దున్నుంచీ షామియానా కట్టిన కుర్రాళ్లకి, మైకు సెట్టు అబ్బాయికి, అందరికీ నమస్కారమండి. వెనకాల వినబడుతోందా? ఆయ్, సరే.

నన్ను 'క్రీడలు, విద్యార్థి వికాసం' మీద మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను, ఇదిగో, జేబులోనే ఉన్నాయి. అవి చదవను. కాసేపట్లో ఫుట్‌బాల్ జోస్యాల పోటీ బహుమతి నా చేత్తో ఇప్పిస్తారు. పోయినేడాది కూడా నా చేత్తోనే ఇప్పించారు. పోయినేడాది ఒక కుర్రాడికి అన్యాయం చేశాం. ఆ అన్యాయానికి మొదట చెయ్యెత్తింది నేనే. ఆ సంగతి చెప్పకుండా ఇంకో బహుమతి ముట్టుకోలేను. హెడ్మాస్టరు గారు మన్నించాలి.

ఈ పోటీ ఏమిటో తెలియని పెద్దవాళ్లున్నారు, వాళ్ల కోసం చెబుతాను. 2020లో కరోనాకి కాలేజీలు మూసేసి హాస్టళ్ల నుంచి పిల్లలందరినీ ఇళ్లకి పంపేశారు. మా వీధిలోనే పదిహేను మంది కుర్రాళ్లు. పొద్దస్తమానం ఫోన్లే. ఇంగ్లండులో ప్రీమియర్ లీగ్ సెప్టెంబరులో మొదలైంది. వారానికి పది మ్యాచ్‌లు. ఈ గ్రంథాలయం అరుగు మీద కూర్చుని, పద్దుల పుస్తకం ఒకటి కొని, శనివారం సాయంత్రంలోగా ఎవరి జోస్యం వాళ్లు రాయాలన్నాం. ఎవరు గెలుస్తారో చెబితే ఒక మార్కు, స్కోరు కూడా సరిపోతే మూడు. పైసా పందెం లేదు. పందేల మీద పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి ఆ మాట మొదటి రోజే పుస్తకం అట్ట మీద రాశాం.

గడువు విషయంలో కూడా ఎంత జాగ్రత్తగా ఉండేవాళ్లమో చూడండి. వాళ్లకి శనివారం మొదటి మ్యాచ్ మధ్యాహ్నం 12:30కి. మనకి సాయంత్రం 5 గంటలు. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పుడు మనకి 6 అవుతుంది. ఆ గంట సంగతి కూడా ముందే అట్ట మీద రాశాం, తర్వాత తగాదా రాకూడదని. అంత జాగ్రత్త పడ్డవాళ్లమే తర్వాత ఇలా చేశాం. అందుకే ఎక్కువ బాధ.

ఆ మొదటి ఏడాది మూడో వారంలోనే మాకు పాఠం దొరికింది, మేం నేర్చుకోలేదు. 2020 సెప్టెంబరు 27, ఆదివారం. టాటెన్‌హామ్, న్యూకాజిల్. టాటెన్‌హామ్ 1-0తో ముందుంది, ఆట అయిపోవచ్చింది. మా మేనల్లుడు సరిగ్గా 1-0 అని రాశాడు, మూడు మార్కులు చేతిలో పడ్డట్టే. ఇంజ్యురీ టైములో న్యూకాజిల్ ఆటగాడు తలతో కొట్టిన బంతి, వీపు తిప్పి గాల్లోకి లేచిన ఎరిక్ డయర్ చేతికి తగిలింది. బంతి వస్తోందని కూడా అతనికి తెలీదు. ఆ ఏడాది హ్యాండ్‌బాల్ రూలు అంత కఠినంగా ఉంది కాబట్టి పెనాల్టీ ఇచ్చారు. గోలయింది, 1-1. ముందురోజే క్రిస్టల్ ప్యాలెస్ మీద ఎవర్టన్‌కి అలాంటి పెనాల్టీయే వచ్చింది, ఎవర్టన్ 2-1తో గెలిచింది. గొడవ పెద్దదయ్యేసరికి, ఇకమీదట కొంచెం చూసీ చూడనట్టు పొమ్మని రిఫరీలకి చెప్పారు. మంచిదే. మరి ఆ రెండు రోజుల్లో పాయింట్లు పోగొట్టుకున్న జట్లకి ఏం తిరిగిచ్చారు? ఏమీ లేదు. మూడో వారంలో తప్పు, తర్వాత ఒప్పు. మా మేనల్లుడు ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇంక ఆ కుర్రాడి సంగతి. పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు, అతనికి ఇబ్బంది. పోయినేడాది పోటీలో చేరాడు. మిగతావాళ్లంతా పేరున్న జట్టు కనిపిస్తే చాలు 3-0, 4-1 అని రాసేసేవాళ్లు. అతను సొంతానికి ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకున్నాడు. ప్రతి జట్టుకీ రెండు గళ్లు. సొంత మైదానంలో కొట్టిన గోల్స్ నీలం పెన్నుతో, బయట కొట్టినవి ఎర్ర పెన్నుతో. ప్రేక్షకులు దాదాపు లేని 2020-21 సీజన్లో సొంత జట్ల కన్నా బయటి జట్లే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచాయి, ఆ సంగతి నాకు చెప్పింది అతనే. నాలుగు మ్యాచ్‌ల్లో సుమారు ఒకటి డ్రా అవుతుంది కదా మాష్టారూ, మన పుస్తకంలో డ్రా అని రాసేవాళ్లెవరూ లేరేంటండీ అని అడిగాడు. అడగడమే కాదు, సమ ఉజ్జీలు తలపడ్డప్పుడల్లా నిబ్బరంగా 1-1 అని రాసేవాడు. ఒక్కోసారి పదింటిలో నాలుగు. మిగతావాళ్లు నవ్వేవారు. సంక్రాంతి నాటికి 19 మార్కులు ముందున్నాడు.

సంక్రాంతి వెళ్లిన రెండో ఆదివారం మీటింగు పెట్టారు. ఇంక రాయడం ఎందుకు మాష్టారూ, పోటీ చచ్చిపోయింది అన్నారు. డ్రా రాయడం గోడ మీద పిల్లి వాటం, అది జోస్యమే కాదు అన్నారు. సగం మంది రాయడం మానేస్తామన్నారు. నాకు భయం వేసింది. అయిదేళ్లుగా నడుస్తున్నది ఆగిపోతుందేమోనని. చివరికి రెండు మార్పులు చేశాం. డ్రా రాస్తే స్కోరు కుదిరినా ఒక్క మార్కే. మార్చి నుంచి మిగతా జోస్యాలకి మార్కులు రెట్టింపు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అంటే మొదట నా చెయ్యి లేచింది.

ఆ అబ్బాయి అదిగో, పేపర్లు చదివే బల్ల దగ్గర నిలబడ్డాడు. గొడవ పడలేదు. ఒక్కటే అన్నాడు. "మొదట్లోనే చెప్పుంటే వేరేలా రాసేవాణ్ణి కదండీ." నేనేమన్నానో తెలుసా అండీ? "రూలు అందరికీ ఒకటేరా అబ్బాయ్" అన్నాను.

ఆ మాట అన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో విన్నాను ఆ మాట. తెల్లవారుజామున గుర్తొచ్చింది.

రైతు సోదరులారా, ఇది మీకు చెప్పక్కర్లేదు. మనది కాలవ శివారు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ కాలవ నీళ్లు ముందు ఎగువ వాళ్లు చూస్తారు, తర్వాత మనం. చాలా ఏళ్ల కిందట ఒక దాళ్వా. గోదావరి ఎండిపోయింది, సీలేరు నుంచి వచ్చే నీళ్లే దిక్కు. వంతులవారీ అన్నారు. శివారుకి ముందు, ఎగువకి తర్వాత. ఆ లెక్క చూసుకునే మా నాన్న ఎకరంన్నరా నాటించాడు. లేకపోతే ఆ ఏడు మినుములు చల్లి ఊరుకునేవాడు. నాట్లయిన నెలన్నరకి వంతు మార్చారు. ఎగువకి ముందు, శివారుకి తర్వాత, ఎవరికైనా అయిదేసి రోజులు. కాగితం మీద సమానమే! కానీ పై నుంచి వదిలిన నీరు మన బోదె ఎక్కడానికే మూడు రోజులు. మనకి మిగిలేది రెండు. అప్పుడే చేను పొట్ట మీద ఉంది. నేనూ మా నాన్నా వెళ్లి అడిగితే, కుర్చీలో ఉన్నాయన "వంతు అందరికీ ఒకటే కదండీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆయన చెడ్డవాడని నేననను. ఆయనకొచ్చిన ఇబ్బందేదో ఆయనకీ ఉంటుంది.

మురుగు కాలవలో ఆయిల్ ఇంజన్ పెట్టి తోడాం. సముద్రం దగ్గర కదా, పోటు వచ్చినప్పుడు కాలవలోకి ఉప్పు ఎక్కుతుంది. రాత్రి రెండింటికి మా నాన్న గట్టు దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకునేవాడు. పుక్కిలించి ఉమ్మేసి, "ఆపెయ్" అనేవాడు. మళ్లీ గంటకి దిగేవాడు. టార్చిలైటు నా చేతిలో. అలా పదకొండు రాత్రులు. కోతలయ్యాక తూర్పార పడితే సగానికి సగం తాలు. ఆ ఏడు కౌలు కూడా మా అమ్మ గాజులు అమ్మి కట్టాం.

చూడండి, ఎక్కడ మొదలెట్టి ఎక్కడికి వచ్చాను. కానీ రెండూ ఒకటేనండి. ఆ కుర్రాడు నీలం పెన్నుతో, ఎర్ర పెన్నుతో వేసుకున్న లెక్క కూడా నాటే. మేం చెప్పిన రూలు నమ్మి నాటాడు. పంట పొట్ట మీదుండగా వంతు మార్చి, అందరికీ ఒకటే అన్నాను. మా నాన్నని దెబ్బకొట్టిన మాటే నా నోట వచ్చింది.

పిల్లలూ, మీకొక ఆట కథ చెబుతాను, అల్లరాపి వినండి. 1994 జనవరిలో కరీబియన్ కప్పులో బార్బడోస్, గ్రెనడా ఆడాయి. ఆ పోటీలో ఒక విచిత్రమైన రూలు ఉంది. ఎక్స్‌ట్రా టైములో గోల్ కొడితే ఆట అక్కడితో ముగుస్తుంది, ఆ గోల్‌ని రెండుగా లెక్కేస్తారు. బార్బడోస్ ముందుకి వెళ్లాలంటే రెండు గోల్స్ తేడాతో గెలవాలి. 2-0తో ముందుండగా, 83వ నిమిషంలో గ్రెనడా ఒకటి కొట్టింది. ఇంక టైము లేదు. బార్బడోస్ వాళ్లు ఏం చేశారు? 87వ నిమిషంలో తమ గోల్‌లోకి తామే కొట్టుకున్నారు, 2-2, ఎక్స్‌ట్రా టైము తెచ్చుకోవడానికి! ఇది కనిపెట్టి గ్రెనడా వాళ్లు, ఒక్క గోల్ తేడాతో ఓడినా ముందుకి వెళ్లేది తామే కాబట్టి, ఏ గోల్‌లో కొట్టినా సరే అని అటూ ఇటూ పరిగెట్టారు, బార్బడోస్ రెండు గోల్స్‌కీ కాపలా కాసింది. చివరికి ఎక్స్‌ట్రా టైములో బార్బడోస్ కొట్టింది, 4-2 అని రాశారు. గ్రెనడా వాళ్లు మోసమన్నారు, బాధపడ్డారు. అది తెలివితక్కువ రూలేనని నేనూ అంటాను. కానీ ఆట మొదలయ్యే ముందే ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ ఆ దారి తెరిచే ఉంది. మధ్యలో పుట్టుకొచ్చిన మంచి రూలు కన్నా ముందే తెలిసిన ఆ పిచ్చి రూలే నాకు నయం అనిపిస్తుంది.

ఫుట్‌బాల్ రూళ్లు చూసేది ఐఫాబ్ అనే బోర్డు. 1886లో పెట్టారు. బ్రిటన్‌లోని నాలుగు సంఘాలకి తలో ఓటు, ఫిఫాకి నాలుగు, ఏం మార్చాలన్నా ఎనిమిదిలో ఆరు రావాలి. మార్చిన రూలు మామూలుగా జులై 1 నుంచి అమలు. అంటే ఒక సీజన్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో. నూట నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు జులై దాకా ఆగుతుంటే, మనకి జనవరిలో తొందరేమిటి?

మొన్న ఒకాయన నన్ను నిలదీశాడు. మాష్టారూ, పెద్ద లీగులు కూడా మధ్యలో మారుస్తాయి కదా అని. మారుస్తాయి. 2020లో కరోనాకి ఆగిన సీజన్ జూన్‌లో మళ్లీ మొదలయ్యేసరికి ముగ్గురి బదులు అయిదుగురు సబ్‌స్టిట్యూట్లని దింపుకోవచ్చన్నారు. బెంచీ మీద బలమైన ఆటగాళ్లున్న పెద్ద క్లబ్బులకే అది లాభమని చిన్న క్లబ్బులు గొల్లుమన్నాయి. తర్వాతి సీజన్‌కి మళ్లీ మూడుకే ఓటేశారు, 2022-23లో గానీ అయిదు ఖాయం కాలేదు.

కానీ ఒక మార్పుకి నేను రెండు చేతులూ ఎత్తుతాను. 2020 నవంబరు 29న ఆర్సెనల్ మ్యాచ్‌లో వుల్వ్స్ ఆటగాడు రౌల్ హిమెనెజ్, డేవిడ్ లూయిజ్ తలలు ఢీకొన్నాయి. హిమెనెజ్ పుర్రె చిట్లింది. లూయిజ్ తలకి కట్టు కట్టించుకుని ఇంటర్వెల్ దాకా ఆడాడు, కట్టులోంచి రక్తం కనిపిస్తూనే ఉంది. తలకి దెబ్బ తగిలితే, ఉన్న సబ్‌స్టిట్యూట్ల లెక్కలో పడకుండా ఇంకొకర్ని దింపుకునే వీలు 2021 ఫిబ్రవరిలో, సీజన్ మధ్యలోనే తెచ్చారు. తెచ్చి తీరాలి! మనిషి ప్రాణం మే నెల దాకా ఆగదు. పిల్లవాడు గ్రౌండులో కళ్లు తిరిగి పడిపోతే నేను రూలు బుక్కు చూసేవాణ్ణా? ఒంటికి సంబంధించిన రూలు ఇవాళే మార్చండి. మార్కులకి సంబంధించింది ఆగస్టు దాకా ఆపండి. పోటీ చప్పగా అయిపోయిందనేది ఆపదేమీ కాదు. ఒకడు బాగా ఆడాడు కాబట్టి చప్పబడింది, అంతే.

అమ్మా, కరెంటు పోయేలా ఉంది, లైట్లు మినుకుమంటున్నాయి. ఇంక రెండు మాటలు.

ఆ కుర్రాడు పోయినేడాది రెండు మార్కుల తేడాతో రెండోవాడయ్యాడు. ఈ ఏడాది పుస్తకంలో ఒక్క గీత గీయలేదు. శనివారం సాయంత్రం ఈ వీధిలోంచి వెళ్లాల్సి వస్తే చెరువు గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. నేను చూశాను. మొన్న ఎండలకి బయటికి పోలేక, పాత పుస్తకం తీసి 38 వారాలూ పాత రూలు ప్రకారం మళ్లీ కూడాను. మూడుసార్లు కూడాను. అతనే 11 మార్కులు ఎక్కువ.

బహుమతి అందుకున్న అబ్బాయి ఇంటికి కూడా వెళ్లి చెప్పాను. కప్పు తెచ్చి ఇచ్చేస్తానన్నాడు. వద్దన్నాను. మేం పెట్టిన రూలు ప్రకారం అతనూ న్యాయంగానే రాశాడు, అతని తప్పేమీ లేదు. కప్పు అతని దగ్గరే ఉంటుంది. ఇంకో కప్పు నా పింఛను డబ్బుతో చేయించాను, ఈ సంచిలో ఉంది.

వచ్చే ఆగస్టుకి కొత్త పుస్తకం వస్తుంది. డ్రాకి మార్కులు తగ్గించాలనుకుంటే తగ్గించండి, మొదటి మ్యాచ్‌కి ముందు. రూళ్లన్నీ మొదటి పేజీలో రాసి, రాసేవాళ్లందరూ దాని కింద సంతకం పెట్టండి. మే నెల దాకా ఆ పేజీ మీద ఎవరూ పెన్ను పెట్టకూడదు, నాతో సహా. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి. వెనకాల సైకిళ్ల దగ్గర నిలబడ్డవాళ్లు కూడా. ఒరేయ్ అబ్బాయ్, నిన్నే, ఇలా ముందుకి రా.

కార్యదర్శి గారూ, బీరువాలో ఉన్న ఆ నల్ల అట్ట పుస్తకం ఒకసారి ఇప్పించండి. పోయినేడాది ఆఖరి పేజీలో ఒక పేరు రాయాలి.