నెట్ సెంటర్‌కు వచ్చిన ఉత్తరాలు

శ్రోతలకు నమస్కారం.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ ముందుగా కొన్ని పెద్ద నగరాల్లో మొదలుపెట్టింది. మా నల్లగొండ దాకా రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. వచ్చింది కూడా ఇళ్లలోకి కాదు. ఎస్‌టీడీ బూత్ పక్కన, జిరాక్స్ మిషన్ వెనకాల, ప్లైవుడ్ చెక్కలతో అరలు కట్టిన చిన్న గదిలోకి వచ్చింది.

డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం పూట అలాంటి ఒక నెట్ సెంటర్లో పనిచేశాను. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి నెట్ వాళ్లది. అప్పట్లో నెట్ నలుగురూ కలిసి వాడుకునేది. నాకు అదే ఎక్కువ గుర్తుంది.

టెలిఫోన్ లైన్ మీదే అంతా నడిచేది. కంప్యూటర్‌ను ఫోన్ లైన్‌కు కలిపే మోడెం కాసేపు కీచుమని, గరగరమని, ఆ తర్వాతే కలిసేది. కలిసినంతసేపూ ఆ నంబరుకు ఎవరు ఫోన్ చేసినా ఎంగేజే. 56 కేబీపీఎస్ (సెకనుకు 56 కిలోబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు) మోడెం ఎంత బాగా పనిచేసినా సెకనుకు ఏడు కిలోబైట్లు దాటదు. ఐదు ఎంబీల పాట ఒకటి దిగాలంటే పన్నెండు నిమిషాలు. ఆ ఒక్క లైన్‌నే మూడు కంప్యూటర్లు పంచుకుంటే ఇక చెప్పేదేముంది! ఎంసెట్ ఫలితాల రోజు ఒక్కో హాల్ టికెట్ నంబరు కొట్టి, పేజీ తెరుచుకునేదాకా అందరం టెన్షన్‌తో నిలబడేవాళ్లం. ర్యాంకు కనబడగానే ముందు కేక వేసేది ఆ పిల్లవాడు కాదు, వాడి కుర్చీ వెనక నిలబడ్డ ఇంకెవరో.

అయితే నా మనసులో నిలిచిపోయింది తల్లులు. కొడుకు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఐఎస్‌డీ చేస్తే మీటరు చూస్తూ మాట్లాడాలి, సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. అందుకని చండూరు నుంచో దేవరకొండ నుంచో బస్సెక్కి మా దగ్గరికి వచ్చేవాళ్లు. కొడుకు మెయిల్ ఐడీ చీటీ కొంగున ముడి వేసుకుని తెచ్చేవాళ్లు. వాళ్లు చెబుతుంటే నేను టైపు చేసేవాడిని. "పెద్ద బర్రె ఈనింది కొడుకా. బోరుల నీళ్లు తగ్గినయ్. చెల్లెను చూసుకునేటందుకు ఆదివారం వస్తమన్నరు. నువ్వు పైలం బిడ్డా." మా పాత కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఆ తెలుగంతా కొట్టేవాడిని. కొడుకూ అలాగే జవాబు రాసేవాడు. నేను పైకి చదువుతుంటే పక్క అరలో చాటింగ్ చేసుకునే కుర్రాళ్లు కూడా చేతులు ఆపి వినేవాళ్లు. పెళ్లి కుదిరిందని తెలిసిన రోజు వాళ్లలో ఒకడు వెళ్లి అందరికీ చాయ్ తెచ్చాడు.

చదవడం రాకపోయినా ఆ తల్లులు ప్రింటు మాత్రం తప్పకుండా అడిగేవాళ్లు. ఎంత మంచి పని చేశారో ఇప్పుడు అర్థమవుతోంది. అప్పటి ఉచిత మెయిల్ పెట్టెల్లో చోటు చాలా తక్కువ. హాట్‌మెయిల్లో అయితే రెండు ఎంబీలే. కొత్త ఉత్తరం రావాలంటే పాతది చెరిపేయాలి. చాలాకాలం తెరవకపోతే కంపెనీయే ఖాళీ చేసేది. జనం సొంతంగా కట్టుకున్న పేజీలకూ అదే గతి పట్టింది. అలాంటి పేజీలకు ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ 2009లో మూతపడితే లక్షల పేజీలు పోయాయి. చాటింగ్‌కు వాడిన యాహూ మెసెంజర్ 2018లో ఆగిపోయింది. మా సెంటర్లో చెప్పుకున్న కబుర్లలో మిగిలినవంటూ ఉంటే అవి ఆ కాగితాలే.

కాబట్టి మీలో ఎవరింట్లోనైనా పట్టా పాసుబుక్కుల మధ్య అలాంటి ప్రింటు ఉంటే దయచేసి పారేయకండి. లామినేషన్ చేయించకండి, కాగితం పాడవుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెడితే ఒక్కోసారి అక్షరాలు కవరుకే అంటుకుపోతాయి. మామూలు కాగితపు కవర్లో, ఎండ, తేమ తగలనిచోట ఉంచండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఆ ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి, వేరే చీటీ మీద రాసి దానికి జత చేయండి.