పిలిచింది ఒక్క సైట్‌నే, వచ్చింది పాతిక స్క్రిప్టులు

[తెర మీద: ఒక వార్తల సైట్. పక్కన యూబ్లాక్ ఆరిజిన్ ప్యానెల్ తెరుచుకుంటుంది. డొమైన్ల పేర్లు కిందికి జారుతూనే ఉంటాయి.]

అడ్రస్ బార్‌లో మీరు కొట్టింది ఒక్క పేరు. యూబ్లాక్ ఆరిజిన్ అని, యాడ్‌లూ స్క్రిప్టులూ ఆపే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఉంది, దాని ప్యానెల్‌లో మాత్రం పాతిక పేర్లున్నాయి. యాడ్‌లు వేసేవాళ్లు, లెక్కలు రాసుకునేవాళ్లు, ఫాంట్ పంపేవాళ్లు, చాట్ డబ్బా పెట్టేవాళ్లు, అందరూ వీటిలోనే ఉన్నారు. వీళ్లలో ఎవరి స్క్రిప్టయినా, అంటే పేజీతోపాటు వచ్చే చిన్న ప్రోగ్రాం, మీ బ్రౌజర్‌లో నడుస్తుంది. సైట్ దాన్ని నేరుగా తన పేజీలోనే పెట్టుకుంటే, మెయిన్ సైట్ స్క్రిప్టుకున్న అధికారమే దానికీ ఉంటుంది. ఆ పేజీలో మీరేం టైప్ చేసినా అది చదవగలదు.

[తెర మీద: 2015 ఆగస్టు]

ఫైర్‌ఫాక్స్ వాడే ఒకాయన 2015 ఆగస్టు 5న, దాన్ని తయారుచేసే మొజిల్లాకి ఓ సంగతి చెప్పాడు. రష్యాలోని ఒక వార్తల సైట్‌లో వచ్చే యాడ్, కంప్యూటర్‌లోని ఫైళ్లు వెతికి బయటికి పంపుతోంది! లోపం ఫైర్‌ఫాక్స్‌లోనే ఉండే పీడీఎఫ్ వ్యూయర్‌లో ఉంది. విండోస్‌లో ఫైల్‌జిల్లా (సర్వర్లకు ఫైళ్లు పంపే ప్రోగ్రాం) సెట్టింగుల్లాంటివి, లినక్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీలు (వేరే కంప్యూటర్లలోకి లాగినయ్యే తాళంచెవులు), టెర్మినల్‌లో కొట్టిన కమాండ్ల చరిత్ర ఏరుకుపోయేది. పోయినట్టు ఆనవాలు కూడా మిగిలేది కాదు. మర్నాడే 39.0.3 వెర్షన్‌తో లోపం సరిచేశారు. ఇక్కడ ఆ సైట్‌కి వెళ్లినవాళ్లు చేసిన తప్పేమీ లేదు, వార్తలు చదువుకున్నారంతే. యాడ్ బ్లాకర్ ఉన్న కొందరు బయటపడి ఉండొచ్చని మొజిల్లానే రాసింది.

మన దగ్గర జరిగింది కూడా ఒకటుంది. 2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ పోర్టల్‌లో, తిరుపతి మునిసిపల్ కార్పొరేషన్, మాచర్ల మునిసిపాలిటీ పేజీల్లో కాయిన్‌హైవ్ స్క్రిప్టు దొరికింది. పన్ను కట్టడానికి పేజీ తెరిస్తే మీ సీపీయూ వేరెవరికోసమో మొనేరో అనే క్రిప్టో కరెన్సీ తవ్వేది. ఫ్యాన్ గింగిరాలు తిరుగుతుంటే ఎండలు మండుతున్నాయి కదా అనుకుని ఊరుకుంటాం.

[తెర మీద: నెంబర్ల వరుస. మధ్యలో ఒక గడి ఎర్రగా మారుతుంది.]

అసలు బ్రౌజర్‌లో కన్నం ఎక్కడ పడుతుంది? తరచూ జావాస్క్రిప్ట్ ఇంజిన్‌లో, అంటే ఆ స్క్రిప్టుల్ని నడిపే భాగంలో. క్రోమ్‌లో దాని పేరు వీ8. వేగం కోసం ఇందులో, స్క్రిప్టుని నడుస్తుండగానే మెషిన్ కోడ్‌గా మార్చే జిట్ కంపైలర్ ఉంటుంది. ఒక ఫంక్షన్‌ని వేలసార్లు పిలిచి ప్రతిసారీ నెంబరే ఇస్తే, "ఇక్కడికి ఎప్పుడూ నెంబరే వస్తుంది" అని అది నమ్మకం పెట్టుకుంటుంది. చాలా తనిఖీలు తీసేసి నేరుగా మెషిన్ కోడ్ (ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాలు) తయారుచేస్తుంది. రోజూ అదే బస్సెక్కే మనిషిని కండక్టర్ పాస్ అడగడం మానేసినట్టు.

అటాకర్ సరిగ్గా దీనికోసమే చూస్తాడు. నమ్మకం కుదిరాక నెంబర్ల అరేలో (వరుసలో) నెంబరు కాని ఒక ఆబ్జెక్టుని దూరుస్తాడు. కోడ్‌ని మళ్లీ పాత దారికి మళ్లించాల్సిన చోట ఇంజిన్‌లో బగ్ ఉంటే, ఆ ఆబ్జెక్టు మెమరీ అడ్రస్‌ని నెంబరనుకుని అతనికి చదివి వినిపిస్తుంది. తిరగేసి చేస్తే అతనిచ్చిన నెంబర్నే అడ్రస్ అనుకుంటుంది. ఇంజినీర్లు దీన్ని టైప్ కన్‌ఫ్యూజన్ అంటారు. చదవడం, రాయడం రెండూ చేతికొస్తే ఆ ట్యాబ్ నడిచే ప్రాసెస్ అతని గుప్పిట్లోకి వెళ్లినట్టే. అక్కణ్ణుంచి కంప్యూటర్ మీదికి రావాలంటే శాండ్‌బాక్స్, అంటే ట్యాబ్‌ని మిగతా కంప్యూటర్ నుంచి విడిగా ఉంచే కంచె, దాటాలి. దానికి మామూలుగా ఇంకో లోపం కావాలి.

మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ టీమ్ 2021లో చూసిన లెక్క ప్రకారం, 2019 తర్వాత వీ8లో నమోదైన లోపాల్లో సుమారు 45 శాతం జిట్‌కి సంబంధించినవే. అందుకే ఎడ్జ్‌లో ప్రైవసీ సెట్టింగుల కింద వెబ్ భద్రత పెంచే స్విచ్ ఉంది. బ్యాలెన్స్‌డ్ పెడితే మీరు తరచూ వెళ్లని సైట్లకు జిట్ ఆగిపోతుంది. ఐఫోన్‌లో భద్రత బాగా బిగించే లాక్‌డౌన్ మోడ్ కూడా సఫారీలో జిట్ ఆపేస్తుంది. సైట్లు కాస్త నెమ్మదిస్తాయి, చాలావరకు నడుస్తాయి.

ఒక్క మాట. బగ్ లేకుండానే దోపిడీ జరగొచ్చు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైట్‌లోని ఒక స్క్రిప్టు ఫైల్‌కి 22 లైన్లు అతికించి, కార్డు వివరాలు బయటి డొమైన్‌కి పంపేశారు. స్క్రిప్టు వాళ్ల సొంత సైట్‌లోంచే వచ్చింది కాబట్టి బయటి స్క్రిప్టుల్ని మాత్రమే ఆపే బ్లాకర్ దాన్ని పట్టుకోలేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, పేమెంట్ల దగ్గర పనికొస్తుంది.

[తెర మీద: ఫైర్‌ఫాక్స్. యూబ్లాక్ ఆరిజిన్ డ్యాష్‌బోర్డ్.]

ఇక సెట్టింగులు. మా సలహా సూటిగా చెప్తాం: జావాస్క్రిప్ట్ మొత్తం ఆపకండి. ఆపితే టికెట్ బుకింగ్ నుంచి కరెంటు బిల్లు దాకా ఏదీ పనిచేయదు, రెండో రోజుకి విసిగి మీరే అన్నీ తీసేస్తారు. బయటి స్క్రిప్టుల్ని, బయటి ఫ్రేముల్ని (పేజీలో కిటికీలా తెరుచుకునే వేరే సైట్ పేజీలు) ఆపండి. పై సంఘటనల్లో చాలావాటికి దారి అదే.

2024లో జరిగింది చూడండి. పాలీఫిల్ డాట్ ఐవో అనే డొమైన్ ఆ ఏడాది ఫిబ్రవరిలో చేతులు మారింది. లక్షకు పైగా సైట్లు దాని స్క్రిప్టు వాడుతున్నాయి. జూన్‌కల్లా అదే ఫైల్ కొన్ని ఫోన్లకు మాత్రమే, కొన్ని వేళల్లో మాత్రమే, జనాన్ని బెట్టింగ్ సైట్లకు మళ్లిస్తోంది. సైట్ అడ్మిన్ వచ్చాడని అనుమానమొస్తే గప్‌చుప్‌గా ఉండేది. సైట్ యజమానికే కనపడని దాన్ని మీరు చూసి కనిపెట్టలేరు, ముందే ఆపాల్సిందే.

ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి. క్రోమ్‌లో పాత తరహా ఎక్స్‌టెన్షన్లు ఆపేయడంతో అక్కడ ఇప్పుడు లైట్ రకమే దొరుకుతుంది, మనం వాడబోయే గడుల పట్టీ అందులో ఉండదు. డ్యాష్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో "నేను అడ్వాన్స్‌డ్ యూజర్ని" అనే అర్థం వచ్చే పెట్టెలో టిక్ పెట్టండి. ఏదైనా సైట్ తెరిచి ఐకాన్ నొక్కి, ప్యానెల్‌ని పూర్తిగా విప్పండి.

[తెర మీద: ప్యానెల్ దగ్గరగా. వేలి గుర్తు మొదటి గడి కుడి అంచు మీద.]

ప్రతి వరుసకీ రెండు గడులు. మొదటిది అన్ని సైట్లకీ, రెండోది ఈ ఒక్క సైట్‌కి. థర్డ్ పార్టీ స్క్రిప్ట్స్ (బయటి స్క్రిప్టులు) వరుసలో మొదటి గడికి కుడివైపు నొక్కండి, ఎర్రబడుతుంది. థర్డ్ పార్టీ ఫ్రేమ్స్‌కీ అంతే. పైన తాళం గుర్తు వస్తుంది, దాన్ని నొక్కాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. తాళం వేయకపోతే బ్రౌజర్ మూయగానే రూల్స్ పోతాయి.

ఇల్లు అలకగానే పండగ కాదు. ఇప్పుడు కొన్ని సైట్లు విరుగుతాయి. ఉదాహరణకి "నేను రోబోను కాదు" పెట్టె రాలేదు. ప్యానెల్‌లో గూగుల్ డాట్ కామ్, జీస్టాటిక్ డాట్ కామ్ పేర్ల పక్కన మైనస్ గుర్తులుంటాయి. ఒక మైనస్ అంటే ఆపిన రిక్వెస్టులు పదిలోపు, రెండయితే వందలోపు, మూడయితే ఆ పైన. ఈ రెండు పేర్లకీ రెండో గడి మధ్యలో నొక్కి బూడిద రంగు చేయండి, పేజీ రీలోడ్ చేయండి. ఒక్కదానికే ఇస్తే పెట్టె రాదు, రెండూ కావాలి. బూడిద రంగంటే పూర్తి అనుమతి కాదు. ఆ ఎర్ర రూల్ ఒక్కటే పక్కకి తప్పుకుంటుంది, యాడ్ ఫిల్టర్లు కాపలా కాస్తూనే ఉంటాయి.

ఏ పేరు తెరవాలో తెలియకపోతే ఒక్కొక్కటే తెరిచి రీలోడ్ చేసి చూడండి. పేరులో సీడీఎన్, స్టాటిక్ అని ఉన్నవి, సైట్ పేరుని పోలినవి ముందు. యాడ్, అనలిటిక్స్, ట్రాక్ అని ఉన్నవి ముట్టుకోవద్దు, అవి లేకుండానే పేజీ నడుస్తుంది.

[తెర మీద: చెక్అవుట్ పేజీ. మధ్యలో ఖాళీ తెల్ల డబ్బా.]

పేమెంట్ గేట్‌వే చాలాసార్లు ఫ్రేములో తెరుచుకుంటుంది. అది ఆగితే ఇదిగో, ఇలా తెల్ల డబ్బా. కంగారుపడి రీలోడ్ చేస్తే ఆర్డర్ సగంలో ఇరుక్కుంటుంది. అనుమతులు కార్ట్ పేజీలోనే ఇచ్చుకుని ఆ తర్వాతే పే బటన్ నొక్కండి. ఇంకా నయమైన పద్ధతి, బ్యాంకు పనులకు వేరే ప్రొఫైల్, అంటే ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు విడిగా ఉండే మరో ఫైర్‌ఫాక్స్. అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ ప్రొఫైల్స్ అని కొడితే కొత్తది చేసుకోవచ్చు. అందులో ఏ ఎక్స్‌టెన్షనూ వద్దు, వేరే సైటూ వద్దు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ రకం దొంగతనం సంగతేంటంటారా? మన వైపు నుంచి దానికి మందు స్క్రిప్ట్ బ్లాకర్ కాదు. కార్డుకి లిమిట్ తక్కువ పెట్టుకోవడం, ఆన్‌లైన్ వాడకం అవసరమైనప్పుడే ఆన్ చేయడం.

ఇంకా బిగించాలనుకునేవాళ్లకి నోస్క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, 2005 నుంచీ ఉంది, మీరెవరో దాచే టోర్ బ్రౌజర్‌లో కలిసే వస్తుంది. మీరు నమ్మినట్టు చెప్పేదాకా దాదాపు ఏ సైట్‌నీ స్క్రిప్టు నడపనివ్వదు. ఓపిక కావాలి.

[తెర మీద: క్రోమ్ మెనూ మూల. ఎర్రటి అప్‌డేట్ గుర్తు.]

స్క్రిప్టు ఆపితే సరిపోతుందనుకుంటే 2023 సెప్టెంబరు చూడండి. లోపం వెబ్‌పీ అనే ఫార్మాట్ బొమ్మల్ని విప్పే లైబ్రరీలో, అంటే బొమ్మ తెరుచుకోవడమే ప్రమాదం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండిటికీ అదే దెబ్బ. దానికి విరుగుడు ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఒక్కటే. అది డౌన్‌లోడ్ అయితే చాలదు, బ్రౌజర్ మూసి తెరిస్తేనే అమల్లోకి వస్తుంది. యాభై ట్యాబ్‌లు పోతాయని రీస్టార్ట్ చేయనివాళ్లు పాత కన్నంతోనే తిరుగుతుంటారు. క్రోమ్ మూలన ఆకుపచ్చ గుర్తంటే అప్‌డేట్ వచ్చి రెండు రోజుల్లోపు, నారింజ అంటే నాలుగు రోజులు, ఎరుపంటే కనీసం వారం. క్రోమ్‌కి మూలమైన క్రోమియం సోర్స్ కోడ్ అందరికీ కనపడుతుంది కాబట్టి, ఏం సరిచేశారో చూసి అటాకర్లు ఆ వారంలోనే ఆయుధం తయారుచేసుకోగలరు. ట్యాబ్‌ల భయముంటే సెట్టింగ్స్‌లో స్టార్టప్ దగ్గర "ఆపిన చోటు నుంచి" పెట్టుకోండి, అవన్నీ తిరిగొస్తాయి.

ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పడవు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పడుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే లింకులు అందులోనే తెరుచుకునేలా డిఫాల్ట్ బ్రౌజర్ మార్చండి.

ఓ పదిరోజులు వాడాక డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి మై రూల్స్ ట్యాబ్ చూడండి. ఒక్కసారి అవసరానికి తెరిచిన పాత సైట్ల లైన్లు చెరిపేయండి. తర్వాత సెట్టింగ్స్ అడుగున బ్యాకప్ బటన్ నొక్కి ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే, ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్‌కి ఈ రూల్స్ అన్నీ ఒక్క నిమిషంలో ఎక్కుతాయి.