మిథైల్ తగిలితే జన్యువు ఆగినట్టేనా?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చాలా పొగిడారు, అందులో సగం కొట్టేయండి. నాకో పాత కోపం ఉంది. అది చెప్పుకోకుండా అసలు విషయంలోకి వెళ్లలేను.

డీఎన్ఏ మిథైలేషన్ వల్ల, అంటే డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న గుంపు తగలడం వల్ల, ఏమవుతుందని ఒక పరీక్షలో అడిగారు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇలా రాసింది: ‘కొన్ని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అతుక్కోలేవు, కొన్ని మాత్రం మిథైల్ ఉంటేనే ఇంకా బాగా అతుక్కుంటాయి.’ ఫ్యాక్టర్లంటే డీఎన్ఏకు అతుక్కుని జన్యువుల పనిని నడిపే ప్రోటీన్లు. రెండో సగం మీద ఎర్రసిరా గీత పడింది, మార్కులు పోయాయి. ‘జన్యువు ఆగిపోతుంది’ అని ఒక్క ముక్క రాసినవాళ్లకేమో నిండా మార్కులు! దిద్దినవారెవరో చెప్పను. వారికీ అలాగే నేర్పి ఉంటారు.

సరే, విషయం. మన జీనోమ్‌లో అంటే మొత్తం డీఎన్ఏలో, సైటోసిన్ (సీ) పక్కనే గ్వానిన్ (జీ) అనే అక్షరం వచ్చే చోట్లు దాదాపు 2.8 కోట్లు. మామూలు శరీర కణంలో వాటిలో 70 నుంచి 80 శాతం దాకా మిథైల్ తగిలే ఉంటుంది. మిథైల్ అంటే ఎంత? ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. కానీ అది పొడుచుకొచ్చేది డీఎన్ఏ పెద్దగాడిలోకి, అంటే దాని మెలికల మధ్య వెడల్పుగా ఉండే పల్లంలోకి. చాలా ప్రోటీన్లు అక్షరాలను తడిమి చదువుకునేది అక్కడే. మిక్ అనే ఫ్యాక్టర్‌కు కావలసిన వరుస సీఏసీజీటీజీ. దాని నడుమనున్న సీజీకి మిథైల్ తగిలితే మిక్ సరిగా అతుక్కోదు. ఇంకో దారి కూడా ఉంది. మెక్‌పీ2 లాంటి ప్రోటీన్లు మిథైల్‌ను వెతుక్కుంటూ వచ్చి, జన్యువును అణిచే ముఠాను వెంట తెస్తాయి. ఆ మెక్‌పీ2 జన్యువు చెడితే రెట్ సిండ్రోమ్ అనే మెదడు ఎదుగుదల జబ్బు వస్తుందని 1999లో తేలింది. ఇంతవరకు పాఠ్యపుస్తకం చెప్పేది నిజమే.

ఇప్పుడు ఎర్రసిరా గీత దగ్గరికి వద్దాం. థైమిన్‌ను చూడండి, అదీ డీఎన్ఏ అక్షరమే, దానికి పుట్టుకతోనే అదే స్థానంలో మిథైల్ ఉంటుంది. అందుకే అక్కడ థైమిన్‌ను కోరుకునే ప్రోటీన్‌కు మిథైల్ తగిలిన సైటోసిన్ కూడా నచ్చవచ్చు. 2017లో యుస్సీ తైపాలే బృందం 542 మానవ ఫ్యాక్టర్లను మిథైల్ ఉన్న డీఎన్ఏతోనూ, లేనిదానితోనూ పరీక్షించింది. దూరం జరిగినవి ఉన్నాయి. దగ్గరికి వచ్చినవీ తక్కువేం లేవు, ముఖ్యంగా హోమియోడొమైన్ కుటుంబంలో. పిండం ఎదుగుదలను నడిపించే పెద్దలు ఆ కుటుంబంలోనే ఉన్నారు. ఆ అమ్మాయి రాసినదాంట్లో తప్పెక్కడుంది?

అయినా నా అసలు బాధ మార్కులు కాదు. ‘మిథైల్ పెరిగింది, జన్యువు పని తగ్గింది, కాబట్టి మిథైలే ఆపింది’ అంటూ వచ్చే థీసిస్‌లు చదివి చదివి విసిగిపోయాను. మిథైల్ ముందా, ఫ్యాక్టర్ ముందా?

అధ్యక్షులు చీటీ పంపారు. చూశానండీ, ఇది మాత్రం చెప్పనివ్వండి.

ఎలుక పిండ మూలకణాల్లో మిథైల్ తగిలించే మూడు ఎంజైములనూ తీసేసిన ప్రయోగం 2015లో వచ్చింది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న కొన్ని చోట్లకు ఎన్ఆర్ఎఫ్1 అనే ఫ్యాక్టర్ వచ్చి కూర్చుంది. అంటే అక్కడ దాన్ని అడ్డుకుంటున్నది నిజంగా మిథైలే. 2011 నాటి పనిలో కథ తిరగబడింది. రెస్ట్ అనే ఫ్యాక్టర్ అతుక్కునే చోట్ల మిథైల్ తక్కువగా ఉంది. రెస్ట్‌ను తీసేస్తే పెరిగింది, తిరిగి ఇస్తే తగ్గింది. అక్కడ ఫ్యాక్టరే పెత్తనం చేస్తోంది. ఇక ఎక్స్ క్రోమోజోమ్ సంగతి. ఆడవారి కణాల్లో రెండిట్లో ఒకటి మూగబోతుంది. దాని మీది హెచ్‌పీఆర్‌టీ జన్యువు ముందు మూగబోతుంది, మిథైల్ తర్వాత చేరుతుంది. మూసిన తలుపుకు తాళం వేసినట్టన్నమాట. చురుగ్గా పనిచేసే జన్యువుల ఒంటినిండా, అంటే మొదలు దాటాక వచ్చే భాగమంతటా, మిథైల్ ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. ‘ఆగిపోతుంది’ అనే జవాబుతో దాన్నెలా వివరిస్తారు?

మిథైల్‌ను తగ్గించే మందు అజాసైటిడిన్ వాడాంగా, జన్యువు మేల్కొందిగా అంటారు మీరు. ఆ మందు శక్తిని నేను కాదనను. 1980లో జోన్స్, టేలర్ దాన్ని ఎలుక కణాలకు ఇస్తే కొన్ని కండర కణాలుగా మారాయి. 2004లో అమెరికాలో మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే ఎముక మజ్జ జబ్బుకు అనుమతి పొందింది. కానీ అది జీనోమ్ అంతటా మిథైల్‌ను తగ్గిస్తుంది, పైగా కణానికి విషం కూడా. మీ జన్యువు మేల్కొన్నది మీ ప్రమోటర్ (జన్యువు పని మొదలయ్యే చోటు) మీద మిథైల్ పోవడం వల్లో, ఎక్కడో మేల్కొన్న వేరే ఫ్యాక్టర్ వల్లో దాంతో ఎలా తేలుతుంది?

ఒక్కచోట మాత్రమే చెరిపి చూసే వీలు ఇప్పుడుంది. కాస్9 అంటే మనం చెప్పిన చోటికి వెళ్లి డీఎన్ఏను కోసే ప్రోటీన్. కోత శక్తి తీసేసిన కాస్9కు, మిథైల్‌ను చెరిపే టెట్1 ఎంజైమును జోడించి మీ ప్రమోటర్‌కే పంపవచ్చు. పిల్లలూ, ఇది రాసుకోండి. ఆ కాస్9 స్వయంగా అక్కడ కూర్చుని ఫ్యాక్టర్‌కు అడ్డుపడగలదు. అందుకని పనిచేయని టెట్1 జోడించినదాన్ని కూడా అదే చోటికి పంపి, రెండూ పోల్చాలి. ఆ పోలిక లేని గ్రాఫును నా దగ్గరికి తేకండి. ఇక ప్రశ్నలు అడగండి, అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు.