నారుమడిలో కాలు పెట్టే ముందు: మెక్సికో పిల్లల ఇంట్లో వాలంటీరు రోజు

"క్వాందో తె వాస్?"

మెక్సికోలో ఒక క్రైస్తవ పిల్లల ఇంటి గేటు దాటి లోపలికి వెళ్లిన మొదటి రోజు ఏడేళ్ల బాబు నన్ను అడిగిన మొదటి మాట ఇది. పేరు అడగలేదు, ఏ దేశమని అడగలేదు. నా చేతిలోని సంచి వైపు ఒకసారి చూసి, "ఎప్పుడు వెళ్లిపోతావు?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, దిగులు లేదు. బస్సు ఎన్ని గంటలకు అని అడిగినట్టు అడిగాడు.

నమస్కారం. అమెరికాలో, మెక్సికో సరిహద్దు పక్కనే ఉన్న సాన్ దియేగోలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో మా చర్చి వాళ్లతో కలిసి శని, ఆదివారాల్లో సరిహద్దు దాటి వెళ్లి వచ్చేదాన్ని. తర్వాత ఉద్యోగం మానేసి, ఫిబ్రవరి నుంచి జూన్ చివరి వరకు అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చినప్పటి నుంచి చుట్టాలు, స్నేహితులు ఒకటే మాట అంటున్నారు: "అనాథాశ్రమంలో సేవ చేశావట! తల్లీతండ్రీ లేని పిల్లలకు అమ్మవయ్యావు." ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదు. అవే మాటలు నమ్మి మీలో ఎవరైనా రేపు బయలుదేరితే నష్టపోయేది ఆ పిల్లలు. అందుకే ఈ వీడియో.

(తెరపై: బాహా కాలిఫోర్నియా పటం. తిహువానా, ఎన్సెనాదా, సాన్ కింతీన్)

ముందు అనాథలు అనే మాట సంగతి చూద్దాం. మెక్సికోలో ఈ ఇళ్లను కాసా ఓగార్ అంటారు. కాసా అంటే ఇల్లు. ఓగార్ అన్నా ఇల్లే, కానీ ఆ మాటకు పొయ్యి అనే అర్థం కూడా ఉంది. పొయ్యి వెలిగే ఇల్లన్నమాట. నాకు చాలా ఇష్టమైన పేరు. ఆ ఇంట్లో ఉండే పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో, ఇద్దరూనో బతికే ఉన్నారు.

మరి ఎందుకు అక్కడ ఉన్నారు? సరిహద్దును ఆనుకుని ఉన్న తిహువానా నగరం నుంచి దక్షిణంగా దాదాపు 300 కిలోమీటర్లు వెళితే సాన్ కింతీన్ లోయ వస్తుంది. కనుచూపు మేర స్ట్రాబెర్రీ, టమాటా తోటలు. కూలీల్లో చాలామంది ఒవాహాకా, గెర్రెరో రాష్ట్రాల నుంచి వలస వచ్చినవాళ్లు. ఇంట్లో మిస్తెకో, త్రికి వంటి భాషలు మాట్లాడతారు, స్పానిష్ వాళ్లకు రెండో భాష. 2015 మార్చి 17న అక్కడి కూలీలు వేలమంది కూలి పెంచాలని పని ఆపి హైవే మీద బైఠాయించారంటే పరిస్థితి మీకే అర్థమవుతుంది. మొగుడు వదిలేసి వెళ్లిన ఒక తల్లి తెల్లవారకముందే తోటకు పోవాలి. మూడేళ్ల బిడ్డను ఎక్కడ పెట్టాలి? ఇంకొక ఇంట్లో తండ్రి మత్తుమందుకు అలవాటు పడ్డాడు. మరొక ఇంట్లో కొట్టడం, తిట్టడం. కొందరు పిల్లలను కుటుంబమే తెచ్చి అప్పగిస్తుంది. కొందరిని కుటుంబ సంక్షేమం చూసే దిఫ్ అనే ప్రభుత్వ సంస్థ తెచ్చి అప్పగిస్తుంది.

ఇప్పుడు ఒక మాట చెబుతాను, ఈ వీడియో పొడవునా అదే మళ్లీ మళ్లీ వస్తుంది. నారుమడి.

నారుమడి చేను కాదు. అక్కడ మొక్క జీవితమంతా ఉండదు, మూడు నాలుగు వారాలు ఉంటుంది. ఆ కొద్దిరోజులూ నీరు, ఎరువు, కాపలా అన్నీ అక్కడే. తర్వాత నారు తీసి చేలో నాటాలి. ఎంత పచ్చగా ఉందని మురిసిపోయినా, తీయకుండా వదిలేస్తే ముదిరిపోతుంది. ముదురు నారు నాటితే పిలకలు సరిగా వేయదు. పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

కాసా ఓగార్ అలాంటి నారుమడి. మెక్సికోలో 2014 డిసెంబరులో వచ్చిన బాలల హక్కుల చట్టం కూడా ఇదే చెబుతోంది. పిల్లలను ఇలాంటి ఇళ్లలో ఉంచడం చివరి మార్గం కావాలి, అదీ వీలైనంత తక్కువ కాలం. అమ్మమ్మో, మేనమామో, ఎవరైనా అయినవాళ్లు ఉన్నారేమో ముందు వెతకాలి.

మరి మనం ఏం చేస్తున్నాం? నారు ముద్దుగా ఉందని మడిలోకి దిగుతున్నాం. ఒక మొక్కను పీకి వేరు చూసి మళ్లీ గుచ్చి వచ్చేస్తున్నాం. వారం తర్వాత ఇంకొకరు దిగి అదే మొక్కను పీకుతారు. పది రోజులు ఒక పాపను ఒళ్లో పెట్టుకుని తిప్పి, పదకొండో రోజు విమానం ఎక్కడం అంటే ఇదే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఏడుస్తూ వీడ్కోలు చెప్పి వెళ్లిన ప్రతి ఒక్కరూ మంచివాళ్లే. ఆ రాత్రి ఆ పాపను పడుకోబెట్టాల్సింది మాత్రం వాళ్లు కాదు.

"గేటు దగ్గరే పరుగెత్తుకొచ్చి వాటేసుకున్నారు, ఎంత ప్రేమో!" అంటారు చూసి వచ్చినవాళ్లు. అది ప్రేమేనా? 2000లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన ఒక అధ్యయనం అనాథాశ్రమాల వంటి సంస్థల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లలను తీసుకుంది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, ఏళ్ల తరబడి ఇరువైపుల వాళ్లనూ పోల్చి చూసింది. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు, అందులోనూ రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లు, బాగా కోలుకున్నారు. సంస్థల్లో పెరిగే పిల్లల్లో ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గరకు కూడా జంకు లేకుండా వెళ్లిపోయే అలవాటు ఎక్కువగా ఉంటుందని కూడా పరిశోధకులు గమనించారు. మన ఇంట్లో మూడేళ్ల పిల్ల కొత్తవాళ్లను చూస్తే ఏం చేస్తుంది? అమ్మ కొంగు చాటుకు పోతుంది. ఆ కొంగు లేని పిల్ల అందరి దగ్గరకూ పోతుంది.

(తెరపై: వంటగది గోడ గడియారం, 5:30)

అయితే వాలంటీరు చేసేది ఏమిటి? గట్టు మీద నిలబడే పని. నీరు పెట్టడం, తీయడం, పిట్టలు తోలడం. మడిలో ఉండాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లోనే ఉంటూ పిల్లలను చూసుకునే ఆడవాళ్లు. వాళ్లను పిల్లలు తియా అంటారు. తెలుగులో పిన్ని వేరు, పెద్దమ్మ వేరు, అత్త వేరు. అక్కడ అందరికీ కలిపి తియా ఒక్కటే. మనం అంట్లు తోమితే ఆ అరగంట తియా ఒక పిల్లవాడి పక్కన కూర్చోగలదు. వాలంటీరు పని మొత్తం ఇందులోనే ఉంది.

నా రోజు ఐదున్నరకు మొదలయ్యేది. ముందు రాత్రి చేటలో పోసినట్టు బల్ల మీద పోసి, రాళ్లు ఏరి నానబెట్టిన చిక్కుడు గింజలను పొయ్యి మీదకు ఎక్కించాలి. వాటిని ఫ్రిహోలెస్ అంటారు. మనకు పప్పు ఎలాగో వాళ్లకు అవి అలాగ, పూటపూటకూ ఉండాల్సిందే. ఆరు గంటలకు పిల్లలు లేస్తారు. ఆ తర్వాత గంటసేపు జడలు.

జడల గురించి కాస్త ఆగి చెప్పాలి. అక్కడి బడికి జుట్టు చెదరకూడదు. తియా బల్ల మీద కూర్చుంటుంది, ఎనిమిది మంది ఆడపిల్లలు వరసలో నిలబడతారు. నా చేతిలో రబ్బరు బ్యాండ్ల డబ్బా, నీళ్ల సీసా. తియా నీళ్లు చల్లి, జెల్ రాసి, చెవుల పక్క ఒక్క వెంట్రుక కూడా లేవకుండా గట్టిగా లాగి దువ్వుతుంది. ఒక్కో పిల్లకు ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాల్లో రాత్రి వచ్చిన కల, పక్క మంచం మీద ఎవరు ఏడ్చారో, బడిలో ఎవరు పెన్సిలు లాక్కున్నారో, అన్నీ తియాకు తెలిసిపోతాయి. నాలుగో రోజున, "నాకు జడలు వేయడం బాగా వచ్చు, నేను వేస్తాను" అన్నాను. తియా నవ్వి, రబ్బరు బ్యాండు కోసం చేయి చాపింది, అంతే. ఎందుకో తెలియడానికి నాకు నెల పట్టింది. ఆ జడ ఆమె చేతిలోనే ఉండాలి. నేను వెళ్లిపోయాక కూడా రేపు ఉదయం వేసేది ఆమే.

అక్కడి ప్రభుత్వ బడుల్లో చాలాచోట్ల రెండు పూటల పద్ధతి. ఒకే భవనంలో ఉదయం ఎనిమిదికి కొందరికి, మధ్యాహ్నం రెండు ప్రాంతంలో ఇంకొందరికి బడి మొదలవుతుంది. అంటే వెళ్లేవాళ్లకు ఒక వంట, వచ్చేవాళ్లకు ఒక వడ్డన. సోమవారమైతే జెండా వందనం ఉంటుంది, తెల్ల బట్టలు మెరవాలి. కాబట్టి ఆదివారం సాయంత్రం నేను లావదేరో దగ్గర ఉండేదాన్ని. సిమెంటు తొట్టి, దాని పక్కనే గీతలు గీతలుగా పోతపోసిన సిమెంటు పలక. ఆ గీతల మీద చొక్కా కాలరు రుద్దాలి. మొదటి వారం నా వేళ్ల కణుపులు ఒరుసుకుపోయాయి. నీళ్లు ఇష్టం వచ్చినట్టు పోయడానికి లేదు. అది వానలు తక్కువగా పడే నేల, ట్యాంకరు రాకపోతే తొట్టి ఖాళీ. తాగడానికి 20 లీటర్ల డబ్బా నీళ్లు వేరే.

వంటగదిలో నన్ను ఇంటికి తీసుకెళ్లినది ఒకటి ఉంది. ఆగ్వా దె హమైకా అని ముదురు ఎర్రని పుల్లటి పానీయం కాస్తారు. ఎండిన ఎర్రరేకులు గుప్పెడు తీసి వాసన చూస్తే, గోంగూర! ఎర్ర గోంగూర పూసి పూత వాడాక కాయ చుట్టూ మిగిలే కండగల రేకులే అవి. "మేము దీని ఆకులు తింటాం" అని వంటావిడకు వచ్చీరాని స్పానిష్‌లో చెప్పాను. ఆమె నమ్మలేదు. ఫోనులో పచ్చడి బొమ్మ చూపిస్తే, "మిరపకాయ వేశారు కదా, అయితే బాగానే ఉంటుంది" అంది. ఆ మిరపకాయ మనకు వచ్చింది వాళ్ల నేల నుంచే మరి.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. మార్చిలో నాలుగేళ్ల పాప ఒకరోజు నన్ను "మమా" అంది. నా గుండె కరిగిపోయింది, ఎత్తుకోబోయాను. పక్కనున్న తియా గొంతు పెంచకుండా, "ఈమె తియా. మీ మమా శనివారం వస్తుంది" అని పాపకు చెప్పింది. ఆ క్షణం నాకు చిన్నబోయినట్టయింది. శనివారం పదిన్నరకు ఆ మమా వచ్చింది. గోళ్లలో తోట మట్టి, చేతిలో ఉడికించిన మొక్కజొన్న కంకులు రెండు. పాప దగ్గరకు వెళ్లలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. తల్లి కింద కూర్చుని కంకి ఒలవడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలకు పాప వచ్చి ఒళ్లో కూర్చుంది. ముందురోజు నేను ఆ మమా అనే పిలుపు తీసేసుకుని ఉంటే ఆ ఇరవై నిమిషాలు గంట అయ్యేవి. ఒక్కోసారి ఆ తల్లి లేచి వెళ్లిపోయేదేమో కూడా.

మే 10 మెక్సికోలో తల్లుల రోజు. బడిలో ప్రతి పిల్లా ఒక కార్డు చేస్తుంది, ఆట పాట ఉంటాయి, తల్లులు వచ్చి కూర్చుంటారు. తల్లి రాలేని పిల్లలకు ఎవరు వెళ్లాలి? వాలంటీర్లు కాదు. తియాలు ముగ్గురు పంచుకుని, తరగతి నుంచి తరగతికి పరుగులు తీశారు. ఆ రోజు వంట మొత్తం మాది. అంతకంటే పనికొచ్చిన రోజు నాకు ఆ ఐదు నెలల్లో ఇంకొకటి లేదు.

సమయం మించిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను.

అక్కడ "క్రిస్తియానో" అంటే సాధారణంగా ప్రొటెస్టెంటు అని అర్థం, కాథలిక్కులను విడిగా కాథలిక్కులనే అంటారు. 2020 జనగణనలో కాథలిక్కులు 77.7 శాతం, ప్రొటెస్టెంట్లు 11.2 శాతం. కాబట్టి ఇలాంటి ఇంట్లో రాత్రి భోజనం తర్వాత గిటారుతో పాటలు, ప్రార్థన ఉంటాయి, చనిపోయిన అయినవాళ్లను తలుచుకుంటూ అలంకరించే మృతుల దినం బల్ల మాత్రం పెట్టరు. ప్రభుత్వ బడిలో మతబోధ ఉండదు, రాజ్యాంగమే ఒప్పుకోదు. ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉండడం పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు.

వీసా: భారత పాస్‌పోర్టు ఉన్నా, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కరలేదు. 180 రోజులు దాటకూడదు, ఎన్ని రోజులు ఇవ్వాలో సరిహద్దు అధికారి నిర్ణయిస్తారు.

పిల్లల ముఖాలు ఫోటోలు తీసి పంచుకోకండి, వాళ్ల బొమ్మకూ వివరాలకూ చట్టం రక్షణ ఇచ్చింది. మీ మీద కేసులేవీ లేవనే పోలీసు ధ్రువపత్రం అడగని ఇల్లయితే అక్కడికి వెళ్లకండి. ఈరోజు ఫోను చేస్తే రేపే పిల్లల మధ్య కూర్చోబెట్టే ఇంటికి అసలే వెళ్లకండి. మిఠాయిలు, బొమ్మలు నేరుగా పిల్లల చేతికి ఇవ్వకండి, తియాకు ఇవ్వండి. ఇచ్చే చేయి ఆమెది కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి మిగిలిపోయింది. నారు ఒక్కటే బాగుంటే చాలదు, చేను దమ్ము చేసి ఉండాలి. తల్లికి గది అద్దె, పసిబిడ్డను పగలు చూసే చోటు, మత్తుమందుకు అలవాటు పడిన తండ్రికి చికిత్స, అదే చేను. విరాళం ఇచ్చేవాళ్లయితే, ఆ డబ్బు దీనికి ఖర్చుపెడతారా అని ఆ ఇంటిని అడిగి ఇవ్వండి. నాటిన నారు నాలుగు రోజులు పసుపెక్కి, తర్వాతే మూన తిరుగుతుంది. ఇంటికి వెళ్లిన పిల్లలకూ అంతే, ఆ నాలుగు రోజులు ఎవరో ఒకరు వెళ్లి చూడాలి.

ఇక ఆ బాబు ప్రశ్న. "ఎప్పుడు వెళ్లిపోతావు?" అని మీరు వెళ్లిన చోటా అడుగుతారు. "ఎప్పటికీ వెళ్లను" అనకండి, "చూద్దాం" అనకండి. తేదీ చెప్పండి. నేను వంటగది క్యాలెండరులో జూన్ 28 చుట్టూ సున్నా చుట్టి చూపించాను. అప్పటి నుంచి వాడు వారానికోసారి వచ్చి ఎన్ని రోజులు మిగిలాయో లెక్కపెట్టి పోయేవాడు.

జూన్ 7 ఉదయం నేను లావదేరో దగ్గర సబ్బు చేతులతో ఉన్నాను. వాడు కొత్త బూట్లు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. గేటు దగ్గర వాళ్ల అమ్మ, అమ్మమ్మ, దిఫ్ నుంచి వచ్చిన ఒకావిడ నిలబడి ఉన్నారు.

"నీకు ఇంకా ఎన్ని రోజులు?" అన్నాడు.

"ఇరవై ఒకటి."

"నేను ఇవాళే," అన్నాడు.