విత్‌డ్రా బటన్ ఎప్పుడు వెలుగుతుంది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిచిన నిర్వాహకులకు, భోజనం తర్వాత కూడా నిద్ర ఆపుకుని కూర్చున్న మీకు కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం 'బ్లాగులు రాసి సంపాదించడం ఎలా'. చెబుతాను. అయితే సంపాదించడం వేరు, సంపాదించింది చేతికి రావడం వేరు. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ రెండోదాని గురించి.

మొదటిదాన్ని త్వరగా ముగించేస్తా. కొన్ని సైట్లు వ్యాసానికింత, పదానికింత అని ముందే చెప్పి ఇస్తాయి. దొరికితే వదలకండి. కొన్ని, పాఠకులు కట్టిన చందాలోంచి పంచుతాయి. మీడియం అనే సైట్ 2017లో ఇలాంటి పథకం పెట్టింది. మొదట్లో పాఠకులు బటన్ నొక్కి కొట్టే చప్పట్లను బట్టి ఇచ్చేది, 2019 నుంచి చందాదారులు ఎంతసేపు చదివారో చూసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక మిగిలినవి వ్యూస్‌ని బట్టి, ప్రకటనల ఆదాయంలో వాటా ఇచ్చేవి. కొత్తవాళ్లు ఎక్కువగా వెళ్లేది వీటికే. తలుపులు బార్లా తెరిచి ఉంటాయి మరి. ఎవరు రాసినా వేసుకుంటారు.

నేనూ అలాంటిదానికే రాశాను. పేరు చెప్పను, అడగొద్దు. వ్యాసం కనీసం 800 పదాలు ఉండాలనేవాళ్లు. బూటు లేసు కట్టుకోవడం ఎలా అన్నదాని మీద 800 పదాలు రాశానండీ! లేసుల చరిత్ర, లేసుల రంగులు, లేసులు కట్టకపోతే కలిగే నష్టాలు... నవ్వకండి, నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది అదే.

సరే, డబ్బు. లోపలికి వెళితే ఒక పేజీ ఉండేది. పైన ఆకుపచ్చ అంకెల్లో నా బ్యాలెన్స్, కింద విత్‌డ్రా బటన్. ఆ బటన్ బూడిద రంగులో, నొక్కినా కదలకుండా ఉండేది. కనీస మొత్తం చేరితేనే వెలుగుతుంది. పొద్దున లేవగానే ఆ పేజీ చూడటం నాకో జబ్బులా పట్టుకుంది. మొదట్లో అంకె పరుగెత్తేది. కనీస మొత్తం దగ్గరికొచ్చేసరికి నత్తనడక. ఎవరో కావాలని చేశారని నేననను, నిరూపించలేను కూడా. కానీ లెక్క చూడండి. కొత్త వ్యాసానికి మొదటి వారం నలుగురూ వస్తారు, తర్వాత రారు. వెయ్యి వ్యూస్‌కి ఎంతిచ్చేదీ నెల ముగిశాక వాళ్లే తేలుస్తారు. కాబట్టి రాయడం ఆపితే అంకె ఆగుతుంది. విసుగొచ్చి మధ్యలో మానేసినవాళ్ల చిల్లర ఎక్కడుంటుంది? సైట్ వాళ్ల దగ్గరే! ఒక్కొక్కరిది చిల్లరే, మనుషులే చాలామంది.

తర్వాత కనీస మొత్తాన్ని పెంచారు. పెంచుతున్నామని మెయిల్ కూడా రాలేదు, ఆ పేజీలో అంకె మారిందంతే. మళ్లీ రాశాను, మళ్లీ దగ్గరికొచ్చాను. ఇంకొక్క వ్యాసం చాలు అనుకుంటుండగా ఉత్తరం వచ్చింది: ఈ ప్రయాణంలో మాతో ఉన్నందుకు ధన్యవాదాలు, సైట్ మూసేస్తున్నాం, కనీస మొత్తానికి తక్కువున్న ఖాతాలకు చెల్లింపు ఉండదు. నేను జవాబు రాస్తే క్షణంలో బదులొచ్చింది, 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని. విలువైనదేనట! ఎంత విలువో మాత్రం నా ఖాతాలో వేయలేదు.

ఇది నా ఒక్కరి గోల అనుకోవద్దు. అసోసియేటెడ్ కంటెంట్ అనే ఇలాంటి సైటే 2005లో మొదలైంది. 2010లో యాహూ కొన్నది, యాహూ వాయిసెస్ అని పేరు మార్చింది, 2014లో మూసేసింది. అదే ఏడాది హీలియం అనే సైట్ పోయింది, స్క్విడూ అనే మరో సైట్లోని పేజీలు హబ్‌పేజెస్‌కి వెళ్లాయి. 2016లో ఎగ్జామినర్ అనే సైట్ పోయింది. వీళ్లంతా డబ్బు ఎగ్గొట్టారని నేననడం లేదు. ఎంత పెద్ద కంపెనీ చేతిలో ఉన్నా సైట్ మూతపడుతుంది, మన రాతలు ఆ చిరునామాల నుంచి మాయమవుతాయి అంటున్నాను. మూయకపోయినా దెబ్బ తగలొచ్చు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన వెతుకులాట పద్ధతిని మార్చింది, పాండా అన్నారు దాన్ని. నాసిరకం వ్యాసాలు కుప్పపోసిన సైట్లు కిందికి జారిపోయాయి. వాటిలో శ్రద్ధగా రాసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల వ్యాసాలూ కుప్పతోపాటే జారాయి.

ఇంకొకటి వినండి, ఇది ముఖ్యం. 2011లో హఫింగ్టన్ పోస్ట్ అనే అమెరికా వార్తల సైట్‌ని ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ 31.5 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ సైట్‌కి ఉచితంగా రాసిన బ్లాగర్ల తరఫున, అందులో మాకూ వాటా ఉందంటూ కోర్టులో దావా పడింది. 2012లో కోర్టు కొట్టేసింది. డబ్బు రాదని తెలిసే రాశారు కదా అన్నది దాని సారాంశం. బాధగానే ఉంటుంది, కానీ కోర్టు చూసేది మన కష్టాన్ని కాదు, మనం ఒప్పుకున్న షరతుల్ని.

అందుకని, వెనక వరుసలోవాళ్లు కూడా, ఫోన్లు తీయండి. నిజంగానే. మీరు రాస్తున్న సైట్‌లో షరతుల పేజీ తెరవండి. చదవకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కామే, అదే. కనీస మొత్తం ఎంత? దాన్ని చెప్పకుండా మార్చే హక్కు వాళ్లకుందా? ఖాతా మూస్తే మిగిలిన డబ్బు ఏమవుతుంది? హక్కులు పూర్తిగా రాసిచ్చేస్తున్నారా, వేసుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తున్నారా? పూర్తిగా రాసిచ్చేస్తే రేపు మీ పుస్తకంలో మీ వ్యాసమే మీరు వేసుకోలేరు. ప్రతి రాతకూ ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. నెలాఖరున ఆ బ్యాలెన్స్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

ఇక్కడ ఒక చీటీ వచ్చింది: 'సొంత బ్లాగు పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు కదా?' సగం ఉండదు. మన బ్లాగులో ప్రకటనలు వేసి వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌లోనూ కనీస మొత్తం ఉంది, 100 డాలర్లు. కానీ నియమాలేవీ మీరకుండా మీ అంతట మీరే ఖాతా మూసుకుంటే, బ్యాలెన్స్ 10 డాలర్లు దాటి ఉంటే ఇచ్చేస్తారు. ఆ ఒక్క వాక్యం షరతుల్లో ఉండటమే తేడా. పాఠకుల్ని రప్పించుకునే బాధ మాత్రం మొత్తం మీదే.

గంట కొట్టేశారు. ఏఐతో రాయించి ఇవ్వొచ్చా అని రెండో చీటీ ఉంది, దానికి మీ సైట్ షరతుల్లోనే జవాబు ఉంటుంది, ఫోన్ చేతిలోనే ఉందిగా. షరతుల పేజీ ఎంత వెతికినా దొరకనివాళ్లు టీ విరామంలో నా దగ్గరికి రండి, కలిసి చూద్దాం.