కాలిఫోర్నియా సైస్మిక్ పరీక్ష: ఐఎస్ 1893 అలవాటైన చేతికి ఎదురయ్యే చిక్కులు

(తెరపై: మాదాపూర్‌లో నిర్మాణంలో ఉన్న భవనం, దాని పక్కన ప్రశ్నపత్రం నమూనా)

నమస్కారం. హైదరాబాద్ నుంచి అమెరికా ప్రాజెక్టులకు డిజైన్లు చేస్తూ, కాలిఫోర్నియా పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సుకు సిద్ధమవుతున్న తెలుగు సివిల్ ఇంజినీర్ల కోసం ఈ వీడియో. ఆ రాష్ట్రంలో సివిల్ లైసెన్సు పొందాలంటే దేశమంతటికీ వర్తించే పీఈ పరీక్షతో పాటు, సర్వేయింగ్ పరీక్షలోనూ సైస్మిక్ ప్రిన్సిపుల్స్ (భూకంప డిజైన్ సూత్రాలు) పరీక్షలోనూ ఉత్తీర్ణులు కావాలి. సైస్మిక్ పరీక్షలో 55 ప్రశ్నలకు రెండున్నర గంటలు ఇస్తారు కనుక, ఒక్కో ప్రశ్నకు మూడు నిమిషాలు కూడా దక్కవు.

ఇంత తక్కువ వ్యవధిలో మనవారికి అడ్డు వచ్చేది, కాలేజీ రోజుల నుంచి చేతికి అలవాటైన ఐఎస్ 1893, అంటే భారత భూకంప డిజైన్ కోడే. ఆ కోడ్ 2016 ప్రతి ప్రకారం హైదరాబాద్ రెండో భూకంప జోన్‌లో ఉంది. జోన్ గుణకం 0.10 అని చూసుకుని, అందులో సగంతో లెక్క మొదలుపెడతాం. అమెరికా వారి డిజైన్ ప్రమాణం ఏఎస్‌సీఈ 7లో ఇలాంటి జోన్లు లేవు. ఆ స్థలంలో భూకంప త్వరణం విలువలు తీసుకుని, వాటిని నేల రకానికి తగ్గట్టు సరిచేసి, వచ్చినదానిలో మూడింట రెండు వంతులను డిజైన్ విలువగా తీసుకుంటారు. పరీక్షలో మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది: ప్రశ్నలో ఇచ్చినది మూడింట రెండు వంతులకు ముందున్న విలువా, తర్వాతి విలువా అన్నది గమనించకుండానే సూత్రంలో వేసేస్తారు.

(తెరపై: 60 అడుగుల కాంక్రీట్ ఫ్రేము, దాని మీద కొలతలు)

ఒక లెక్క పూర్తిగా చేద్దాం. భవనం ఎత్తు 60 అడుగులు, సైస్మిక్ బరువు (భూకంప లెక్కలో తీసుకునే బరువు) 2000 కిప్పులు (కిప్పు అంటే వెయ్యి పౌండ్లు), కాంక్రీట్ స్పెషల్ మొమెంట్ ఫ్రేము కనుక ఆర్ విలువ, అంటే బలాన్ని తగ్గించే భాజకం, 8, భవనం ప్రాధాన్యాన్ని బట్టి ఉండే ఇంపార్టెన్స్ గుణకం 1.0, డిజైన్ త్వరణం విలువల్లో తక్కువ పీరియడ్‌కు చెందిన ఎస్‌డీఎస్ 1.0, ఒక సెకను పీరియడ్‌కు చెందిన ఎస్‌డీ1 0.6 అనుకుందాం. పీరియడ్ (భవనం ఒకసారి ఊగడానికి పట్టే సమయం) కోసం 60ని 0.9 ఘాతానికి పెంచి 0.016తో హెచ్చిస్తే 0.64 సెకన్లు వస్తుంది. ఎస్‌డీఎస్‌ను 8తో భాగిస్తే గుణకం 0.125. అయితే ఎస్‌డీ1ను పీరియడ్‌తోనూ ఆర్‌తోనూ భాగిస్తే వచ్చే గరిష్ఠ పరిమితి 0.118 మాత్రమే కాబట్టి, మనం తీసుకోవలసినది అదే. దాన్ని బరువుతో హెచ్చిస్తే బేస్ షియర్, అంటే భవనం అడుగున పడే మొత్తం అడ్డ బలం, సుమారు 235 కిప్పులు.

ఇక్కడే అలవాటు కొద్దీ మన కోడ్‌లోని 0.075 గుణకాన్ని, 0.75 ఘాతాన్ని వాడారనుకోండి. ఆ సూత్రం మీటర్లకు పనికివస్తుంది. ఎత్తును అడుగుల్లోనే వేస్తే పీరియడ్ 1.6 సెకన్లు దాటిపోయి, బేస్ షియర్ 93 కిప్పులకు పడిపోతుంది. కనిష్ఠ గుణకం 0.044 కూడా ఈ తప్పును పట్టుకోదు, ఎందుకంటే తప్పు గుణకం 0.046 దానికన్నా కొంచెం ఎక్కువే. పరీక్షకు కూర్చునేవారు పీరియడ్ రాగానే ఒక్క క్షణం ఆగి, ఆరేడు అంతస్తుల కన్నా తక్కువ ఎత్తున్న భవనానికి ఇంత పీరియడ్ సబబేనా అని తమను తాము ప్రశ్నించుకోవాలి.

తర్వాతది లోడ్ కాంబినేషన్, అంటే రకరకాల భారాలను గుణకాలతో కలపడం. మనం భూకంప బలాన్ని 1.5తో హెచ్చిస్తాం. ఏఎస్‌సీఈ 7లో ఆ బలం అప్పటికే స్ట్రెంగ్త్ స్థాయిలో (గుణకం కలిపిన తుది డిజైన్ స్థాయిలో) ఉంటుంది కనుక గుణకం 1.0, అలవబుల్ స్ట్రెస్ పద్ధతిలో 0.7.

(తెరపై: సమాన దూరాల్లో మూడు షియర్ గోడలు, వాటిపై పైకప్పు)

అన్నింటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసిన అధ్యాయం డయాఫ్రమ్ (భూకంప బలాన్ని గోడలకు పంచే పైకప్పు లేదా స్లాబు) అని నా గట్టి అభిప్రాయం. కూకట్‌పల్లిలోనైనా, ఉప్పల్‌లోనైనా మనం చూసేవి కాంక్రీట్ స్లాబులే; కాలిఫోర్నియా ఇళ్లలో మాత్రం ప్లైవుడ్ పైకప్పులు విస్తారంగా ఉంటాయి, వాటిని చాలా సందర్భాల్లో ఫ్లెక్సిబుల్‌గా పరిగణిస్తారు. సమాన దూరాల్లో ఒకే దృఢత్వమున్న మూడు గోడలు ఉన్నాయనుకుందాం. పైకప్పు ఫ్లెక్సిబుల్ అయితే, మధ్య గోడ తన వైశాల్యపు వాటాగా మొత్తం బలంలో సగం మోస్తుంది. అదే దృఢమైన స్లాబు అయితే, టార్షన్‌ను (భవనం మెలితిరగడాన్ని) పక్కన పెట్టి చూసినప్పుడు, మూడు గోడలూ మూడో వంతు చొప్పున పంచుకుంటాయి. స్లాబుకు అలవాటుపడిన మనం రెండో జవాబునే ముందు గుర్తిస్తాం.

సాఫ్ట్ స్టోరీ, అంటే పై అంతస్తుల కన్నా దృఢత్వం బాగా తక్కువున్న అంతస్తు విషయంలో మనకు అనుకూలత ఉంది, ఎందుకంటే పార్కింగ్ కోసం కింద పిల్లర్లు మాత్రమే ఉన్న స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు మన ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. 1994 జనవరి 17న కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ భూకంపంలో నార్త్‌రిడ్జ్ మెడోస్ అపార్ట్‌మెంట్ కింది అంతస్తు కూలి 16 మంది మరణించారు. ఏఎస్‌సీఈ 7లో ఒక అంతస్తు దృఢత్వం పై అంతస్తు దానిలో 70 శాతం కన్నా తక్కువైనా, పై మూడింటి సగటులో 80 శాతం కన్నా తక్కువైనా అది సాఫ్ట్ స్టోరీయే.

(తెరపై: అదే ఫ్రేము, ఈసారి ఆసుపత్రి బోర్డుతో)

1971లో కాలిఫోర్నియాలోనే శాన్ ఫెర్నాండో భూకంపంలో, కొత్తగా కట్టిన ఆలివ్ వ్యూ ఆసుపత్రి తీవ్రంగా దెబ్బతిన్నది. అందుకే ఇలాంటి అత్యవసర చికిత్స కేంద్రాలకు ఇంపార్టెన్స్ గుణకం 1.5గా తీసుకుంటారు. పైన చేసిన లెక్కను ఆ గుణకంతో, గడియారం ముందు పెట్టుకుని, మళ్లీ చేయండి. సుమారు 353 కిప్పులు రావాలి. వేరే సంఖ్య వస్తే ముందుగా గరిష్ఠ పరిమితి సూత్రంలో 1.5 వేశారో లేదో చూసుకోండి.